సర్వీసు నుంచి కారొచ్చింది సరే, వీల్ నట్లు చూసుకున్నారా?

సంక్రాంతికి ముందు వారం బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు ఏ గ్యారేజీకి వెళ్ళినా ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, రేపు తెల్లవారుజామునే ఊరికి పోవాల. ఈ సాయంత్రానికి ఇచ్చెయ్." అక్కడ నలుగురు కుర్రాళ్ళుంటారు, ఇరవై కార్లుంటాయి. ఒక కారు చక్రం బిగిస్తూ ఉండగానే ఇంకో కారాయన వచ్చి "నాదెంతవరకు వచ్చింది?" అంటాడు. కుర్రాడు నట్లు బిగించే గన్ను కింద పెట్టి అటు వెళ్తాడు. తిరిగొచ్చాక మిగిలిన రెండు నట్లు బిగించానో లేదో గుర్తుండదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు.

నాకు జరిగింది సరిగ్గా ఇదే. బ్రేక్ ప్యాడ్లు మార్పించి, టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేయించి, మర్నాడు పొద్దున ఐదింటికే అనంతపురం బయల్దేరాం. దేవనహళ్ళి దాటాక మా ఆవిడ "ఏదో టకటకమంటోంది" అంది. "రోడ్డు" అన్నాను. పది నిమిషాలకు మళ్ళీ అంది. నేను మళ్ళీ "రోడ్డే" అన్నాను. చిక్కబళ్ళాపురం ఇంకా రాకముందే ఒక టీ కొట్టు దగ్గర ఆపి, ఎడమ వెనక చక్రం ప్లాస్టిక్ కప్పు పీకి చూస్తే, నాలుగు నట్లలో రెండు వేళ్ళతో తిరిగాయి. మూడోది సగం వదులు. అంతదూరం ఆ చక్రం ఒక్క నట్టు మీదే వచ్చింది.

కాబట్టి నా మొదటి సలహా పానాలతో పనిలేనిది. ఊరెళ్ళే ముందు రోజు సర్వీసు చేయించకండి. వారం ముందు చేయించండి. ఆ వారంలో ఆఫీసుకు తిరిగే తిరుగుడులోనే లోపాలు బయటపడతాయి. ఇంటి దగ్గరే ఉంటారు, గ్యారేజీ తెరిచే ఉంటుంది. ఇక మిగతావి.

బిల్లు చదవండి

చక్రం ఊడదీయని సర్వీసు కూడా ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్లు మార్చి పంపిస్తే నట్ల జోలికి ఎవరూ వెళ్ళి ఉండరు. వీల్ అలైన్‌మెంట్‌కి మామూలుగా చక్రం తీయనక్కర్లేదు. బిల్లులో వీల్ రొటేషన్, వీల్ బ్యాలెన్సింగ్, బ్రేక్ ప్యాడ్లు, డ్రమ్ క్లీనింగ్, షాక్ అబ్జార్బర్, కొత్త టైరు, వీటిలో ఏదున్నా చక్రం ఊడి మళ్ళీ ఎక్కినట్టే. ట్యూబ్‌లెస్ పంక్చర్‌ను చాలాచోట్ల చక్రం తీయకుండానే వేస్తారు గానీ, స్టెప్నీ మార్చి ఉంటే దానికీ ఈ నట్ల తనిఖీ వర్తిస్తుంది. మీరే రోడ్డు పక్కన మార్చుకున్నా సరే.

కారు తీసుకునేటప్పుడే ఒక్క ప్రశ్న అడగండి: "టార్క్ రెంచ్‌తో బిగించారా?" అంటే, మనం పెట్టిన అంకె దాకా బిగిశాక టిక్కుమని చెప్పే పానా. నేను వచ్చీరాని కన్నడంలో అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు "టైట్ మాడిదీని సార్" (బిగించాను సార్). అంటే గన్నుతో బిగించాడని అర్థం. గన్ను చెడ్డదేం కాదు. కానీ అది ఎంత బలంతో బిగించిందో బిగించినవాడికే తెలియదు. ఒక నట్టుకు తక్కువ, పక్కదానికి రెట్టింపు పడొచ్చు.

ఎంత బిగింపు కావాలి, ఎందుకు

చాలామంది చక్రాన్ని బోల్టులు మోస్తున్నాయనుకుంటారు, గోడకు మేకు కొట్టి క్యాలెండర్ తగిలించినట్టు. కాదు. నట్టు బిగిస్తే ఆ బోల్టు కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టు గట్టి స్ప్రింగులా చక్రాన్ని హబ్‌కేసి, అంటే చక్రం వెనక ఆనే లోహపు భాగానికేసి, అదిమిపెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా పట్టుకుంటుంది. నట్టు వదులైతే అదుముడు పోతుంది. అప్పుడు చక్రం ప్రతి గుంతలోనూ, ప్రతి బ్రేకుకూ రవ్వంత జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ నట్టు ఇంకాస్త వదులవుతుంది, చివరికి బోల్టు విరిగిపోతుంది.

అలాగని మరీ బిగించినా తప్పే. బోల్టు సాగాల్సిన దానికంటే ఎక్కువ సాగితే మళ్ళీ వెనక్కి రాదు, మరలు పాడవుతాయి. నట్లు తలా ఒక రకంగా బిగిస్తే బ్రేక్ డిస్క్ వంకరపోయి, బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ అదురుతుంది. ఇంకో కష్టం కూడా ఉంది. రాత్రిపూట హైవే మీద పంక్చరైతే ఆ నట్టు మీ చేతి పానాకు లొంగదు.

మీ కారుకెంత అనేది గ్లవ్ బాక్సులో ఉన్న ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. టొయోటా చాలా మోడళ్ళకు 103 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలత), హోండా సిటీకి 108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. హ్యుందాయ్ కొత్త కార్లలో 107 నుంచి 127 మధ్య అని ఉంటుంది. మారుతీ కార్లకు మోడల్‌ని బట్టి 85 లేదా 100. ఇవి ఒక అంచనా కోసం చెప్పినవే. మీ కారు అంకె మీ మాన్యువల్‌లోదే. కొన్ని పాత పుస్తకాల్లో కిలోగ్రామ్-మీటర్లలో, అంటే 10.5 అలా ఉంటుంది. దాన్ని 9.8తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి.

ఏమేం కావాలి

అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొస సైజు) టార్క్ రెంచ్ ఒకటి, మీ నట్టుకు సరిపడే సాకెట్ ఒకటి, చిన్న ఎక్స్‌టెన్షన్ రాడ్ ఒకటి. మారుతీ, హోండా నట్లకు 19 సైజు, టొయోటా, హ్యుందాయ్‌లకు 21, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులకు 17 సాధారణంగా సరిపోతాయి. కొనేముందు కారు కిట్‌లో ఉన్న వీల్ పానా సైజు చూసుకుని వెళ్ళండి. ఎస్.పి.రోడ్‌లో పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి, జె.సి.రోడ్‌లోనూ దొరుకుతాయి. ఒకసారి ట్యాంకు నింపినంత ఖర్చులో మంచి క్లిక్ రకం రెంచ్ వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. మా బ్లాకులో అలాగే కొన్నాం. మూడో అంతస్తు బాబాయ్ గారు దాన్ని పూజ గదిలో పెట్టినంత భద్రంగా దాచారు, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు.

రెంచ్ కొనడం ఇష్టం లేదా? కారుతో వచ్చిన పానాతోనే దాదాపు సరిగ్గా చేయొచ్చు, కొంచెం లెక్క తెలిస్తే చాలు. నట్టు మధ్య నుంచి మీ చేయి పడే చోటు వరకు టేపుతో కొలవండి. 25 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 100 న్యూటన్ మీటర్లు రావాలంటే అక్కడ సుమారు 40 కిలోల బరువు పడాలి. 40 కిలోలు ఎలా తెలుస్తుంది? బాత్రూమ్‌లో ఉండే బరువు చూసుకునే మిషన్‌ను స్టూలు మీద పెట్టి, ముల్లు 40కి వచ్చేదాకా రెండు చేతులతో నొక్కండి. నాలుగైదుసార్లు నొక్కితే చేతికి గుర్తుండిపోతుంది. పానా మీద కూడా అంతే నొక్కాలి. పానా మీద ఎక్కి నిలబడొద్దు. 70 కిలోల మనిషి దాని చివర నిలబడితే 170కి పైనే పడుతుంది. ఎగిరితే ఇంకెంతో చెప్పలేం.

ఇక పని మొదలుపెడదాం

కారు చదునైన చోట ఆపండి. బేస్‌మెంట్ వాలులో వద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి, మాన్యువల్ కారైతే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పి లో పెట్టండి. జాకీ వేయకండి. ఈ తనిఖీ అంతా చక్రం నేల మీద ఉండగానే చేయాలి, లేకపోతే చక్రం తిరిగిపోతుంది. ఇప్పుడే ట్రాఫిక్‌లోంచి వచ్చి ఉంటే అరగంట ఆగండి. సిల్క్ బోర్డు దగ్గర గంట బ్రేకులు తొక్కి వచ్చిన చక్రం వేడి మీద ఉంటుంది, వేడి మీద కొలత నమ్మకం కాదు.

వీల్ కప్పు ఉంటే తీయండి. కొన్ని కార్లలో మధ్య కప్పును నట్లే పట్టి ఉంచుతాయి, అలాంటిదాన్ని పీకకండి. ముందు కళ్ళతో చూడండి. అన్ని నట్లూ ఉన్నాయా? లెక్కపెట్టండి. నవ్వుకోకండి, మొదట వచ్చిన రెనో క్విడ్‌కి చక్రానికి మూడే నట్లు, ఒకటి తక్కువైతే మూడో వంతు పోయినట్టే. నట్టు అంచు చక్రంలోకి సమంగా కూర్చుందా, ఒక వైపు వంగి ఉందా? వంగి ఉంటే మర తప్పి ఎక్కించారన్నమాట. నట్టు చుట్టూ తుప్పు రంగు చారలు బయటికి పాకి ఉంటే, అక్కడ లోహాలు ఒరుసుకుంటున్నాయని గుర్తు.

తర్వాత రెంచ్‌ను మాన్యువల్ అంకె మీద పెట్టండి. సాకెట్ నట్టు మీద పూర్తిగా దిగాలి. పిడి మీ కుడివైపుకు, నేలకు సమాంతరంగా ఉండేలా పెట్టి కిందికి నొక్కండి, అది బిగింపు దిశ. కుడి చక్రమైనా ఎడమ చక్రమైనా చక్రానికి ఎదురుగా కూర్చుంటే ఇదే. కుదపకుండా నిదానంగా నొక్కండి. "టిక్" మన్నాక ఆపేయండి. నమ్మకం చాలక ఇంకోసారి, ఇంకోసారి టిక్కుమనిపిస్తారు కొందరు, అలా చేస్తే ప్రతిసారీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది.

వరసగా గుండ్రంగా పోకూడదు. నాలుగు నట్లుంటే ఒకటి బిగించాక దాని ఎదుటిది. ఐదుంటే ఒకటి వదిలి ఒకటి, పిల్లలు ఒక్క గీతలో నక్షత్రం గీసినట్టు. అలా అయితేనే చక్రం అన్ని వైపులా సమానంగా కూర్చుంటుంది.

ఇప్పుడు ఏం జరిగిందో గమనించండి. నట్టు అసలు కదలకుండానే టిక్కుమంటే కనీసం అంత బిగింపు ఉన్నట్టు. కొద్దిగా తిరిగి టిక్కుమన్నా ఫరవాలేదు. కానీ ఒకే చక్రానికి రెండు మూడు నట్లు పావు చుట్టుకు మించి తిరిగాయంటే ఊరికే బిగించి వదిలేయకండి, దాని సంగతి కింద చెప్తాను.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. టిక్ శబ్దం "ఇంతకంటే తక్కువ లేదు" అని మాత్రమే చెబుతుంది. గన్ను 200 దాకా బిగించి ఉన్నా, మీ రెంచ్ 108 దగ్గరే టిక్కుమని ఊరుకుంటుంది. అది తెలుసుకోవాలంటే ఒకే దారి: ఒక్కో నట్టును కారు పానాతో వదులు చేసి, వెంటనే టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించడం. ఒకటి పూర్తయ్యాకే ఇంకోదాన్ని ముట్టుకోవాలి. వదులు చేయడానికి టార్క్ రెంచ్ వాడొద్దు, దాని కొలత పాడవుతుంది. పానా మీద ఒళ్ళంతా వేసినా నట్టు లొంగకపోతే గన్ను తన పని చేసినట్టే. వెంటనే గ్యారేజీకి తీసుకెళ్ళి వాళ్ళ చేతే తీయించి సరిగా బిగింపించుకోండి. నేను కొత్త గ్యారేజీకి వెళ్ళిన ప్రతిసారీ ఇలా చేస్తాను, తెలిసిన చోటైతే మామూలు తనిఖీతో సరిపెడతాను.

నాలుగు చక్రాలూ అయ్యాక రెంచ్‌ను దాని కనిష్ఠ అంకెకు తిప్పి డబ్బాలో పెట్టండి.

ఒక పెయింట్ పెన్ను ఉంటే ఇంకో చిన్న పని. నట్టు మీద నుంచి చక్రం మీదకు ఒక సన్నటి గీత గీయండి. గీత విరిగితే నట్టు కదిలినట్టు. కొన్ని బస్సులు, లారీల చక్రాల నట్లకు పసుపు ప్లాస్టిక్ బాణాలు చూసి ఉంటారు, అవి చేసే పనీ ఇదే.

నట్లకు నూనె రాయొద్దు

తుప్పు పడుతుందని బోల్టుకు గ్రీజో, ఇంజిన్ ఆయిలో రాసే మెకానిక్కులు ఉన్నారు. మంచి ఉద్దేశమే. కానీ మనం నట్టు మీద పెట్టే బలంలో చాలా భాగం, పదింట ఎనిమిది తొమ్మిది వంతులు, రాపిడికే ఖర్చవుతుంది. మిగిలిన కొద్ది భాగమే బోల్టును సాగదీస్తుంది. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే 108 దగ్గర బోల్టు ఎంతో ఎక్కువ సాగిపోతుంది. మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప మరలు పొడిగానే ఉండాలి. శుభ్రం చేయాల్సింది చక్రం హబ్‌కు ఆనే ముఖం. అక్కడ తుప్పు పొరో, మట్టో, కొత్త పెయింటో ఉంటే, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఆ పొర నలిగి పోతుంది, దాంతో బిగింపూ తగ్గుతుంది. చక్రం తీసినప్పుడు వైర్ బ్రష్‌తో ఒకసారి రుద్దమని అడగండి, రెండు నిమిషాల పని.

బయట కొన్న అలాయ్ చక్రాలుంటే నట్టు అడుగు ఆకారం కూడా చూసుకోండి. హోండా కంపెనీ నట్ల అడుగు గోళీలా గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌లు ఎక్కువగా శంఖు ఆకారం నట్లు అడుగుతాయి. ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కుతుంది, బిగుస్తుంది, కానీ ఆనాల్సిన చోట ఆనదు.

50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ

మొదటి తనిఖీతో పని పూర్తవలేదు. చక్రం ఊడి ఎక్కాక కొంత దూరం తిరిగేసరికి అది తన చోటులో సర్దుకుంటుంది, ముఖ్యంగా అలాయ్ అయితే. అందుకే 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఇంకోసారి చూడాలి. మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ వెళ్ళొచ్చేవారికి రెండు రోజుల్లో ఆ దూరం అయిపోతుంది. రెండోరోజు రాత్రి బండి చల్లారాక చూడండి.

నా మాట వినకుండా సర్వీసు మర్నాడే ఊరికి బయల్దేరినా, రెంచ్ డిక్కీలో వేసుకోండి. అనంతపురం వైపు అయితే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మధ్య ఎక్కడైనా టిఫిన్‌కు ఆపుతారు కదా. తిరుపతి వైపు అయితే కోలార్, ముళబాగిలు మధ్య. ముందు ఇడ్లీ, తర్వాత నట్లు. ఆ అరగంటలో చక్రాలూ చల్లబడతాయి.

దారిలో తేడా అనిపిస్తే

వదులు చక్రం మొదట నెమ్మదిగా వెళ్ళేటప్పుడే చెబుతుంది. హంపు దిగినప్పుడు, మలుపులో, చక్రం తిరిగే లయలో టక్, టక్ అని. వేగం పెరిగితే ఆ టకటక కూడా వేగం పెరుగుతుంది, ఆగితే ఆగుతుంది. ముందు చక్రమైతే స్టీరింగ్ ఊగుతుంది. వెనకదైతే సీటు కింద ఏదో జారినట్టుంటుంది. పక్కసీటులో ఉన్నవాళ్ళు ముందుగా వింటారు, కాబట్టి "రోడ్డు" అనకండి.

గట్టిగా బ్రేకు తొక్కకుండా, వేగం తగ్గిస్తూ ఎడమ అంచుకు తీసుకెళ్ళి ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, వెనక బాగా దూరంలో ట్రయాంగిల్ పెట్టి, పిల్లల్ని రోడ్డుకు దూరంగా దించండి. నట్లు వేళ్ళతో తిరిగేలా ఉంటే పానాతో బిగించి నెమ్మదిగా దగ్గరున్న టైరు షాపు దాకా వెళ్ళొచ్చు. కానీ బోల్టు విరిగి ఉన్నా, నట్టు పడిపోయి ఉన్నా కదలకండి. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది.

పైన చెప్తానన్నది ఇదే: వదులుగా తిరిగిన చక్రాన్ని ఊరికే బిగిస్తే చాలదు. దాన్ని పూర్తిగా ఊడదీయించి, చక్రం రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా అన్నది చూడాలి. సాగితే ఆ చక్రం పనికిరాదు. బోల్టు మరలు అరిగితే బోల్టులు మార్చాలి. ఒక బోల్టు విరిగిందంటే మిగతావి కూడా దాని బరువు పంచుకుని అలసిపోయి ఉంటాయి, అన్నీ మార్పించడం మేలు. చిక్కబళ్ళాపురంలో మా చక్రం తీసి చూసిన టైరు షాపాయన రంధ్రాలు బాగున్నాయని చెప్పి, నట్లు మాత్రం నాలుగూ కొత్తవి వేశాడు. పాతవి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. ఎందుకో అడగలేదు, ఇంకా డ్యాష్‌బోర్డు సొరుగులో ఉన్నాయి.

ఒకటి మరిచాను. అలాయ్ చక్రాలకు దొంగల భయంతో చక్రానికి ఒక లాక్ నట్టు వేయించుకుని ఉంటే, దాన్ని తిప్పే చిన్న కీ సర్వీసు వాళ్ళ దగ్గరే మిగిలిపోవడం మామూలే. అది లేకపోతే ఇందాకటి తనిఖీ ఒక నట్టు దగ్గర ఆగిపోతుంది, దారిలో పంక్చరైతే స్టెప్నీ కూడా వేయలేరు. ఇప్పుడే వెళ్ళి టూల్ కిట్‌లో చూడండి. లేదంటే ఈ రోజే ఫోన్ చేయండి, పండక్కి వాళ్ళూ ఊరెళ్ళిపోతారు.